పై లైను ఆఖరి ఇల్లు

బతు బస్తీలో ధనరాజుని ఎరగని ఇల్లు లేదు. ధనరాజు మంచినీళ్ళు తాగిన ఇల్లూ లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వాలు మీది కింద లైనుకీ పై లైనుకీ నీళ్ళు వదిలేది ఆయనే అయినా, లైను మీద ఉన్నంతసేపూ ఎవరింటా గ్లాసు పట్టుకోడు. పని నేర్పిన యర్రయ్య మొదటి రోజే చెప్పాడు: "ఒకరింట టీ తాగితే రేపు వాల్వు కాడ ఆ టీ గుర్తొస్తాది." ఆ మాట ధనరాజు మనసులో పెట్టుకున్నాడు. రెక్సిన్ సంచిలో తన సీసా తనే మోసుకు తిరుగుతాడు. ఎండాకాలంలో ఆ నీళ్ళు పది గంటలకే వేడెక్కిపోతాయి, అయినా అవే తాగుతాడు. ఈ నియమాన్ని బస్తీలో అందరూ మెచ్చుకుంటారు. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువ మెచ్చుకునేది ధనరాజే.

ఆ సోమవారం నాలుగున్నరకే గేటు చప్పుడైంది. ఏప్రిల్ నెలలో ఐదు కొట్టకుండానే తెల్లారిపోయే, తెలుగువాళ్ళు హిందీ మధ్య బతికే దీవి ఊరు అది. ధనరాజు లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చేసరికి కింద లైను లక్ష్ముడు చెప్పులు గేటు అవతలే విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మాయమ్మ పోయింది భయ్యా. రాత్రి."

"అయ్యో! మొన్న కూడా అరుగు మీద కూకుని నన్ను తిట్టింది గదరా, నీళ్ళలో మట్టొస్తందని."

లక్ష్ముడు ఏడుస్తూనే కాస్త నవ్వాడు.

"ఎన్నింటికి తీసుకెల్తన్నారు?"

"పదింటికి. సుట్టాలు డైరీ ఫార్మ్ బస్తీ నించి రావాల."

"నువ్వెల్లు. నీళ్ళ సంగతి నాకొదిలీ."

అంతే. అది బస్తీ ఆనవాయితీ. ఎక్కడా రాసి లేదు, ఆఫీసుకి తెలిసింది కాదు. చావైనా, పెళ్ళైనా, పురిటి స్నానమైనా ఇంటివాళ్ళు పొద్దున్నే ధనరాజు గేటు దగ్గరికొచ్చి మాట చెప్పుకుంటారు. ఆయన వాళ్ళ లైనుకి ఇరవై నిమిషాలు ఎక్కువ వదులుతాడు. మూడు రోజులకోసారి నలభై నిమిషాలు వచ్చే నీళ్ళలో ఇరవై నిమిషాలంటే మాటలు కాదు. అవి ఆకాశం నుంచి ఊడిపడవు కూడా. రెండో లైనుకి ఎనిమిది నిమిషాలు కోసి, మిగతావి తరవాతి వంతుల్లో రెండేసి నిమిషాలు తగ్గించి సర్దుతాడు. ఎవరికీ తెలియకుండా, ఎవరూ నొచ్చుకోకుండా కోయడంలోనే తన పనితనం ఉందని ఆయన నమ్మకం.

ఆ రోజు చిక్కేమిటంటే, ధనరాజు వెళ్ళేసరికి వాల్వు దగ్గర మెమ్‌సాబ్ కూర్చుని ఉంది.

ఆమె పేరు ఇంగర్. డెన్మార్క్ నుంచి వచ్చిన నీళ్ళ ఇంజినీరు. జనవరిలో ఒకసారి వచ్చి రెండు లైన్ల పైపులకీ నీలంరంగు డబ్బాలు బిగించి వెళ్ళింది. ఏ రోజు, ఏ గంటకి, ఎంత నీరు పోయిందో ఆ డబ్బాలు తమలో తామే రాసుకుంటాయట. ఇప్పుడు వాటిని విప్పుకోవడానికి వారం రోజుల పనిమీద మళ్ళీ వచ్చింది. వాళ్ళ దేశంలో నీళ్ళెలా వస్తాయో, ఇక్కడెలా వస్తాయో పక్కపక్కన పెట్టి రిపోర్టు రాయాలి. యాభై దాటిన మనిషి, ఎండకి ముక్కు చివర పొట్టు లేచిపోయింది, గోనె గుడ్డలాంటి టోపీ. మాటలు తెలుగులోకి తిప్పి చెప్పడానికి డాలీగంజ్ నుంచి శ్రావణి అనే అమ్మాయిని పెట్టుకుంది. శ్రావణి డిగ్రీ దాకా హిందీలోనే చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ తెలుగక్షరం చూస్తే మొహం తిప్పుకుంటుంది.

ధనరాజు ఇనప మూత పక్కకి లాగి, గుంటలోకి వంగి, మొల ఎత్తున్న చాబీని వాల్వు తల మీద కూర్చోబెట్టాడు. ఒక్కసారి తిప్పేస్తే పాత పైపుల్లో గాలి తన్ని జాయింట్లు ఊడతాయి. అందుకని రెండు చుట్లు తిప్పి ఆగాడు. చాబీ కొమ్ముకి చెవి ఆనించాడు. మొదట సన్నగా ఈల, తరవాత గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు, ఆ తరవాత మెత్తగా, నిండుగా. అప్పుడు మిగతా తొమ్మిది చుట్లు. మొత్తం పదకొండు.

ఇంగర్ మోకాళ్ళ మీద కూర్చుని, అడగకుండానే చాబీకి తన చెవి కూడా ఆనించింది. కళ్ళు మూసుకుంది. ఆమెకి ఆ చప్పుడు తెలుసని ధనరాజుకి అర్థమైంది. తెలియనివాళ్ళు కళ్ళు మూసుకోరు.

"వాళ్ళ నాన్న కూడా ఇలాగే వినేవాడని అంటున్నారు బాబాయ్," అంది శ్రావణి. "కర్రతో. ఆయన కూడా నీళ్ళ పనేనట."

"అచ్ఛా!" అన్నాడు ధనరాజు. ఆయనకి ఆ మనిషి మీద అభిమానం పుట్టుకొచ్చింది. అదే ఇబ్బందైంది. ఎందుకంటే నలభై నిమిషాలూ అయిపోయాయి, చాబీ కదల్లేదు. ఇంగర్ గడియారం చూసుకుంది, ధనరాజు మొహం చూసింది.

"ఇంకా ఎందుకు కట్టలేదని అడుగుతున్నారు బాబాయ్."

ఇరవై ఆరేళ్ళుగా ఆయన రోజుకూలీ మజ్దూరే. పర్మనెంటు చేసే లిస్టులో ఈ ఏడే పేరెక్కింది. ఫైలు మీద ఆఖరి సంతకం మిగిలి ఉంది.

"పైపులో గాలి పట్టిందని సెప్పమ్మా," అన్నాడు. "గాలి పోవాల."

శ్రావణి చెప్పింది. ఇంగర్ తలూపి పుస్తకంలో రాసుకుంది. ధనరాజు చెవులు వేడెక్కాయి. నీళ్ళ విషయంలో ఆయన ఎవరికైనా అబద్ధం చెప్పడం అదే మొదలు.

పై లైను కూడా వదిలి, ముప్పై రెండు నిమిషాలకే కట్టేసి, ముగ్గురూ వాలు దిగుతుంటే ఎక్కడ చూసినా నీళ్ళ సందడే. కుళాయి ఆఖరి ధార కింద బిందె, బిందె పక్కన డ్రమ్ము, డ్రమ్ములో గొట్టం. ఓ ఇంటి ముందు పళ్ళు తోముకుంటున్న పెద్దాయన నురగ నోటితోనే చెయ్యెత్తి సలాం కొట్టాడు. కన్నబాబు తన కొట్టు తలుపు తీస్తూ, "ధనరాజు భయ్యా, చాయ్?" అన్నాడు, తాగడని తెలిసే.

"అందరికీ నువ్వు తెలుసే," అంది ఇంగర్, శ్రావణి నోటితో.

"మరి మీ ఊళ్ళో?"

ఆమె కాసేపు ఆలోచించింది. తను ఇప్పుడుంటున్న ఊళ్ళో నీళ్ళ మనిషి ఎవరో తనకే తెలియదంది. మొహం కూడా చూడలేదట. కుళాయి తిప్పితే వస్తాయి, అంతే. తాగాలనుకుంటే నీళ్ళు చల్లబడేదాకా కాసేపు అలా వదిలేస్తారట.

"ఎంతసేపు?" అన్నాడు ధనరాజు ఆగిపోయి.

"ఒక నిమిషం."

ధనరాజు మనసులో లెక్కేసుకున్నాడు. బిందెడు. ఓ గ్లాసు తాగడానికి ఓ బిందెడు. అయినా ఆయన మనసు ఆ బిందె మీద నిలవలేదు, మొహం తెలియని ఆ నీళ్ళ మనిషి మీదకి పోయింది. పాపం, పెళ్ళికి పిలుపు ఉండదు, దారిన పోతుంటే సలాం ఉండదు. ఏం బతుకు వాడిది అనుకున్నాడు.

మధ్యాహ్నం ఆ మాటే భార్య కాసులమ్మకి చెప్పాడు. ఆమె పెరట్లో బియ్యం కడుగుతోంది. ఆ కడుగు తోటకూరకి, తోటకూర కడిగింది అంట్లకి, అంట్లు తొలిచింది కొబ్బరి మొక్కకి. వాల్వు మనిషి ఇల్లని ఆ ఇంటికి చుక్క ఎక్కువ రాదు.

"నిమిసం వదిలేత్తారా? సల్లబడ్డానికి?" కాసులమ్మ చేట పక్కన పెట్టి మరీ అడిగింది. "మరి ఆ నీళ్ళన్నీ ఏటవుతాయి?"

"ఏటవుతాయి. తూములోకి పోతాయి."

"ఆ మెమ్‌సాబుని ఓ నెల్లాళ్ళు నాకాడ ఒదిలీ. నేను బాగుసేత్తాను," అంది కాసులమ్మ.

బుధవారం పదకొండింటికి ఆఫీసులో గోడ మీద తెర కట్టారు. సందు సందు నుంచీ వాల్వు మనుషులు వచ్చి వెనక బెంచీల మీద కూర్చున్నారు. ఇంగర్ తెర మీద రెండు వరసలు చూపించింది. ఒక వరస వాళ్ళ దేశం, ఒక వరస ఈ ఊరు. అక్కడ నీళ్ళు రోజంతా, ఇక్కడ మూడు రోజులకోసారి. అక్కడ వందకి ఏడెనిమిది వంతులు కారిపోతే, ఇక్కడ నలభై. అంకె మారినప్పుడల్లా ముందు కుర్చీల్లో ఆఫీసర్లు గొంతు సవరించుకున్నారు. వెనక బెంచీలవాళ్ళకి మాత్రం ఇందులో కొత్తేమీ కనబడలేదు. నీళ్ళు మోసేవాడికి నీళ్ళు తక్కువని తెర మీద చూపించక్కర్లేదు.

తరవాత నీలం డబ్బాలు రాసుకున్న గీతలు వచ్చాయి. కింద లైను నీలం, పై లైను ఎరుపు. మూడు రోజులకో మెట్టు లేచి, నలభై నిమిషాలు అలాగే నడిచి, పడిపోతోంది. చక్కగా ఉంది. ఆ మెట్ల మధ్య అక్కడక్కడ పసుపు గుర్తులు.

"యే పీలా పీలా క్యా హై?" ఈ పసుపేమిటి అన్నాడు ఆఫీసు ఇంజినీరు జె.ఈ. సాబ్.

ఎక్కువసేపు వదిలిన రోజులు, అంది ఇంగర్. మూడు నెలల్లో పద్నాలుగు.

జె.ఈ. సాబ్ కుర్చీలోంచి పూర్తిగా వెనక్కి తిరిగాడు. అందరి ముందూ అడిగాడు: ఎవరికమ్ముకున్నావు ధనరాజ్? హోటళ్ళకా, ట్యాంకరు వాళ్ళకా? దొంగ చేతికి చాబీ ఇచ్చి మేం డ్యాములో నీళ్ళు లేవని ఏడుస్తున్నాం.

ధనరాజు లేచి నిలబడ్డాడు. రెక్సిన్ సంచి పట్టీ రెండు చేతులా పట్టుకుని అలా నిలబడి ఉన్నాడు. పక్క బెంచీలవాళ్ళు నేల చూపులు చూశారు. ఎవరి లైనులో ఎన్ని పసుపు గుర్తులుంటాయో ఎవరికి వాళ్ళకి తెలుసు, డబ్బాలు తన లైనుకి పెట్టనందుకు ప్రతివాడూ దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఇంగర్ ఇంగ్లీషులో ఏదో అంది, గట్టిగానే. శ్రావణి తరవాత చెప్పింది: "కారణం తెలీకుండా నా గీతలతో మనిషిని కొట్టొద్దు అన్నారు బాబాయ్. రేపటిదాకా టైమడిగారు."

సాయంత్రం నాలుగింటికి ఇంగర్, శ్రావణి ధనరాజు ఇంటికొచ్చారు. అరుగు మీద చాప వేసింది కాసులమ్మ. ఇంగర్ లాప్‌టాప్ తెరిచి, మొదటి పసుపు గుర్తు మీద వేలు పెట్టి, ధనరాజు వైపు చూసింది. మొహంలో కోపం లేదు.

"సోమవారం గాలి పట్టిందని సెప్పాను," అన్నాడు ధనరాజు. "గాలి కాదు. ముందు అది సెప్పమ్మా."

"ఆమెకి అప్పుడే తెలిసింది బాబాయ్. చెవి పెట్టి విన్నారు కదా. గాలి లేదని విన్నారు."

ధనరాజు సిగ్గుపడిపోయాడు. అంతలోనే గుండె మీదినుంచి బరువు దిగినట్టూ అయింది. ఇంగర్ వేలున్న చోటికి వంగి, తేదీ చదివించుకున్నాడు.

"జనవరి ఇరవై రెండు... అది వెరోనికా. మన రొట్టెల బండి ఫ్రెడ్డీ పెళ్ళాం. కవల పిల్లలతో ఆస్పత్రి నించి వచ్చింది ఆ రోజు."

తరవాతి గుర్తు. "ఇది యర్రయ్య మామ. నాకు పని నేర్పినోడు. ఆయన పోతే ఇరవై కాదు, అర్ధగంట వదిలాను. సూడు, పొడుగ్గా ఉంటాది."

నిజంగానే పొడుగ్గా ఉంది. ఇంగర్ చిన్నగా నవ్వింది. ఒక్కో గుర్తుకీ ఒక్కో పేరు వస్తోంది. పేరంటం, సంవత్సరీకం, ఆపరేషనయి ఇంటికొచ్చిన మనిషి, పిల్ల పెద్దమనిషి కావడం. కాసులమ్మ గుమ్మంలో నిలబడి, ఆయన మర్చిపోయినవి అందించింది. శ్రావణి పేర్లన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుంటుంటే, "తెలుగోళ్ళ సావులూ పెళ్ళిళ్ళూ హిందీలో రాసీసింది, సూడవే," అని ధనరాజు ఆటపట్టించాడు. పొద్దుటి అవమానం ఆయన మొహంలోంచి పోయింది. తన పనంతా ఓ చోట గీసి చూపిస్తే ఎవరికి ముచ్చటగా ఉండదు?

ఇంగర్ ఆ పేర్ల వరసని వేలితో పైనుంచి కిందదాకా తడిమింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. మా దేశంలో మా నాన్న పోయినప్పుడు ఆయన పనిచేసిన నీళ్ళ ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదు, ఇక్కడ గీత లేచింది, నేనిది తప్పని రాయను, మా దగ్గర లేనిదేదో ఇక్కడుందని రాస్తాను.

శ్రావణి ఆ మాట తెలుగులోకి తిప్పుతూ కళ్ళు తుడుచుకుంది. కాసులమ్మ కూడా కొంగు అందుకుంది. ధనరాజు ఛాతీ ఓ అంగుళం పెరిగింది.

"మధ్యలో ఒకటి మిగిలిపోయింది బాబాయ్. ఫిబ్రవరి పద్దెనిమిది."

"అది కన్నబాబు కూతురి పెళ్ళి. కింద లైను. పొద్దున్నే అన్నదమ్ములు ముగ్గురూ వచ్చీసినారు, గేటు కాడ ఒకటే నవ్వులు."

ఇంగర్ వేలు నీలం గీత మీద నుంచి దాని కిందున్న ఎర్ర గీతకి జారింది. ప్రతి పసుపు గుర్తు పక్కనా ఉన్నట్టే అక్కడా రెండో లైను మెట్టు మామూలు కంటే పొట్టిగా ఉంది. ముప్పై రెండు నిమిషాలు. ఇదేమిటని అడగడానికి ఆమె తలెత్తింది.

పొట్టిగా ఎందుకుందో ధనరాజుకి తెలుసు, కింద లైనుకి పెళ్ళినీళ్ళు కావాలని తనే కోశాడు. ఆయన్ని పట్టుకున్నది తేదీ. పై లైను ఆఖరింట్లో దేవకుమార్ పోయింది ఆ రోజే. హార్బరులో వెల్డింగు చేసేవాడు, చర్చిలో తెలుగు కీర్తనలు ఎత్తుకునేవాడు, మంచి గొంతు. చనిపోయాడని ధనరాజుకి రెండ్రోజుల తరవాత తెలిసింది. తెలిసి నొచ్చుకున్నాడు కూడా. 'ఒక్క మాట నాతో సెప్పొచ్చు గదా, నేనేమైనా పరాయివాణ్ణా' అని కాసులమ్మ దగ్గర రెండు మూడుసార్లు అన్నాడు.

చావొచ్చిన ఇంటికి ఆ రోజు తన చేత్తోనే ఎనిమిది నిమిషాల నీళ్ళు కోశాడు.

"ఏటయింది?" అంది కాసులమ్మ.

"ఏం లేదు," అన్నాడు ధనరాజు. ఆ తరవాత ఆ అరుగు మీద ఎవరేం మాట్లాడారో ఆయనకి పట్టలేదు.

గురువారం వంతు రోజు. కింద లైను నలభై, నిమిషం అటూ ఇటూ కాకుండా వదిలి కట్టి, పై లైను తిప్పి, చాబీ భుజాన వేసుకుని వాలెక్కాడు. ఆఖరి ఇంటి ముందు దేవకుమార్ భార్య సుందరి కుళాయి కింద బకెట్టు మారుస్తోంది. అంత పైకి వచ్చేసరికి నీళ్ళలో జోరుండదు. ధార పెన్సిలంత ఉంది. ఆయన్ని చూసి ఆమె పైట సర్దుకుంది.

"రండి అన్నయ్యా. కూర్చోండి."

ధనరాజు కూర్చోలేదు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్న మాటలు గేటు దగ్గర చెదిరిపోయాయి.

"దేవకుమార్ పోయిన రోజు... మీ లైనుకి నీళ్ళు తగ్గించీసినానమ్మా. నాకు తెలీదు. నువ్వు ఓ మాట సెప్పించుంటే..."

సుందరి బకెట్టు వైపే చూస్తూ అంది. "నేనొచ్చానన్నయ్యా."

"ఎక్కడికి?"

"మీ గేటు దగ్గరికి. ఐదింటికి. అప్పటికే కన్నబాబు వాళ్ళు నిలబడున్నారు. పెళ్ళి మాటలు, నవ్వులు. మీరు కూడా ఏదో హాస్యం ఆడుతున్నారు. ఆ నవ్వుల మధ్యలోకొచ్చి మా ఇంట్లో శవముంది, నీళ్ళిప్పించండి అని అడగడానికి నాకు నోరు రాలేదు. శుభమా అని పెళ్ళి వాళ్ళు. కాసేపు ఆ గోడవార నిలబడి వెనక్కొచ్చేశాను."

"మరి..."

"డ్రమ్ములో సగం ఉన్నాయి. చర్చి వాళ్ళు నలుగురు తలో బిందె తెచ్చారు. సరిపోయాయి." కాస్త ఆగి, ఆయన మీద జాలిపడ్డట్టుగా అంది: "తలంటలేదంతే. ఒంటికి సరిపోయాయి."

వెల్డింగు పొగతో ఎప్పుడూ మసిబారి ఉండే దేవకుమార్ జుట్టు ధనరాజుకి బాగా గుర్తు.

సుందరి చటుక్కున లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ధనరాజు చెయ్యి తనంతట తనే అడ్డంగా ఊగింది. "వద్దమ్మా, లైను మీద తాగను."

"తెలుసన్నయ్యా. మీరు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరని అందరికీ తెలుసు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "ఎవర్నీ ఏదీ అడిగే అవసరం మీకు రాలేదు. అడగడానికి ఎంత బలం కావాలో మీకెలా తెలుస్తుంది?"

గ్లాసులో నీళ్ళు ఆమె తిరిగి బిందెలో పోసేసింది. చుక్క కింద పడనివ్వలేదు.

కొండ దిగేటప్పుడు ధనరాజుకి తన గేటు గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ గేటు ముందు నిలబడినవాళ్ళు గుర్తొచ్చారు. చెప్పులు అవతల విడిచిన లక్ష్ముడు. తల్లి చచ్చిపోయి ఇంకా ఆరు గంటలు కాలేదు, తను చెప్పిన తిట్ల కథ విని నవ్వాల్సొచ్చింది వాడికి. వాళ్ళంతా తనని ప్రేమించి వచ్చారనుకున్నాడు. వాళ్ళు నీళ్ళ కోసం వచ్చారు. రాలేనివాళ్ళు ఎంతమందో ఏ డబ్బా కూడా రాసుకోలేదు.

ఆఫీసులో ఇంగర్ ఓ మూల బల్ల దగ్గర రిపోర్టు రాసుకుంటోంది. ధనరాజుని చూడగానే లేచి కుర్చీ జరిపింది. నేనంతా సర్దేశాను, అంది. ఆ పద్నాలుగూ బస్తీ ఆచారమని ఓ పెట్టెలో గొప్పగా రాశానంది. పొట్టి గీతలు డబ్బా పొరపాటని వదిలేస్తానంది. జె.ఈ. సాబ్ కూడా ఒప్పుకున్నాడట. విదేశాల వాళ్ళు మెచ్చుకుంటున్నారంటే ఆఫీసుకీ పరువే గదా.

"డబ్బాది పొరపాటు కాదని సెప్పమ్మా," అన్నాడు ధనరాజు. "ఆ గీతలు కూడా రాయమను. కన్నబాబు ఇంటి పెళ్ళిరోజు ఆఖరింట్లో శవానికి తలంటడానికి నీళ్ళు లేవని రాయమను. నేను కోసినానని రాయమను."

శ్రావణి గొంతు తగ్గించింది. "బాబాయ్, లిస్టులోంచి పేరు తీసేస్తారు."

"తెలుసు. నువ్వు సెప్పు."

శ్రావణి చెప్పింది. ఇంగర్ వింటూ వింటూ మెల్లగా కుర్చీలో కూర్చుంది. మీరు చేసింది మంచిపనే కదా, మా ఊళ్ళో మనిషిని మనిషి పట్టించుకోవడం తగ్గిపోయింది, ఇది పోకూడదు, అందామె.

ధనరాజు మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు.

"మెమ్‌సాబ్, మీ ఊళ్ళో నీళ్ళాయన మొహం ఎవరికీ తెలీదని సెప్పావు గదా. సోమవారం నాకు ఆయన్ని తలుచుకుంటే జాలేసింది. ఇప్పుడెయ్యడం లేదు. సావొచ్చినోడు ఆయన కాడికెల్లి సేతులు కట్టుకోవక్కర్లేదు. కుళాయి తిప్పుకుంటాడు, తండ్రికి నీళ్ళోసుకుంటాడు, ఏడుసుకుంటాడు. అంతే గదా?"

"అంతే," అంది ఇంగర్.

"మాకూ అలాటోడు కావాల. మొహం తెలీనోడు. మీరు రెండు దేశాలూ పక్కపక్కన పెట్టి రాత్తన్నారు గదా, అక్కడ రాయండి. ఈ ఊళ్ళో నీళ్ళు అడగ్గలిగినోళ్ళకి వత్తాయి, అడగలేనోళ్ళకి రావు. కింద నా పేరెయ్యండి."

ఇంగర్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ముందు రాసిన పెట్టె మొత్తం కొట్టేసింది. ఆమె కొత్తగా టైపు చేస్తున్నంతసేపూ ధనరాజు నిలబడే ఉన్నాడు. శ్రావణి ఒక్కో వాక్యం తెలుగులో చదివి చెప్పింది. ఒకచోట 'మూడు నెలల్లో పద్నాలుగు ఇళ్ళు' అని ఉంటే, "పద్నాలుగు కాదు, పదిహేను. రానింటిని కూడా లెక్కెట్టమను," అన్నాడు. వెళ్ళేముందు ఇంగర్ లేచి, వాళ్ళ పద్ధతిలో చెయ్యి చాపి, అంతలో ఏమనుకుందో రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది.

శుక్రవారం ఆమె విమానం ఎక్కింది. శనివారం జె.ఈ. సాబ్ పిలిచి, నీ ఫైలు వెనక్కొచ్చింది, కొత్త మనిషి వచ్చేదాకా చాబీ నీ దగ్గరే ఉంచు అన్నాడు. ఇంటికొచ్చి చెబితే కాసులమ్మ చాలాసేపు కసురుకుంది. ఇరవై ఆరేళ్ళు అంది, ఒక్క సంతకం అంది, మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. చీకటి పడకముందే మళ్ళీ ఆమే వచ్చి పక్కన కూర్చుంది.

"తలంటలేదా ఆయనకి?" అంది.

"లేదంట."

కాసులమ్మ లేచి అన్నానికి ఎసరు పెట్టింది.

ఆదివారం వంతు. కింద లైను నలభై నిమిషాలు. కట్టాడు. పై లైను వాల్వు మీద చాబీ కూర్చోబెట్టి, రెండు చుట్లు తిప్పి, చెవి ఆనించి విన్నాడు. ఈల, గులకరాళ్ళు, మెత్తని నిండు చప్పుడు. తక్కిన తొమ్మిది చుట్లు తిప్పాడు. గుంట మీద మూత సగం జరిపి, రెక్సిన్ సంచి అక్కడే ఇనప మూత మీద వదిలేశాడు. సీసా అందులోనే ఉంది. వాలెక్కడం మొదలుపెట్టాడు.

ఆఖరింటి ముందు సుందరి చర్చికి తయారై, తెల్లచీర కుచ్చిళ్ళు తడవకుండా ఎత్తిపట్టుకుని బకెట్టు నింపుతోంది. ధనరాజు గేటు బయటే ఆగాడు. చెప్పులు విడిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి అవి వాటంతటవే ఛాతీ ముందు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇంత చిన్న మాటకి ఇంత బరువుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అటుగా పోతున్నవాళ్ళెవరో తనని చూస్తున్నట్టనిపించి ముఖం ఎర్రబడింది. వెనక్కెళ్ళిపోదామా అని కూడా అనిపించింది.

సుందరి తలెత్తి చూసింది. విడిచిన చెప్పుల్నీ కట్టుకున్న చేతుల్నీ చూసింది. బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఆమె కదల్లేదు. ఏమిటన్నయ్యా అని అడగలేదు. ఆయన చెప్పేదాకా ఆగింది.

"అమ్మా," అన్నాడు ధనరాజు. "దాహమేస్తంది. కొంచెం మంచినీళ్ళు ఇత్తావా?"